కోనసీమ లోగిలి అనంతపురం ఎండకు ఆగుతుందా?

కిందటి వేసవిలో నా స్నేహితుడు ఒక ఇంటి ప్లాను ఫోన్లో పంపాడు. అనంతపురం దగ్గర సొంత ఊళ్ళో ఇల్లు కట్టుకోవాలన్నది అతనికి ఎన్నో ఏళ్ళుగా ఉన్న కోరిక. ప్లానులో నట్టనడుమ పైకప్పు లేని మండువా, దాని చుట్టూ నాలుగు వైపుల నుంచీ లోపలికి వాలే పెంకుల కప్పు, చెక్క స్తంభాలు, వీధి వైపు పొడుగాటి అరుగు ఉన్నాయి. "మన సంప్రదాయం ప్రకారం కడతన్నా. ఏసీ కూడా అక్కర్లేదంట. ఏమంటావ్?" అని అడిగాడు.

ఆ బొమ్మ చూడగానే మా అమ్మమ్మ వాళ్ళ ఇల్లు గుర్తొచ్చింది. అమలాపురం దగ్గర, కొబ్బరిచెట్ల మధ్య ఉండేది. వాన పడుతుంటే నాలుగు చూరుల నుంచీ మండువాలోకి ధారలు దిగేవి. గంగాళాలు పెట్టి ఆ నీళ్ళు పట్టేవాళ్ళు. నేను పడుకున్న ఇళ్ళన్నింటిలో నాకు బాగా ఇష్టమైన ఇల్లు అది. అయినా స్నేహితుడికి మాత్రం "ఆ ఇల్లు నీ ఊరికి వద్దు" అన్నాను. ఎందుకో ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. అతనికి చెప్పాల్సింది ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మన రెండు రాష్ట్రాల్లో ఎండ గురించి తెలియనివాళ్ళు ఉండరు. కానీ కాకినాడ ఎండ వేరు, అనంతపురం ఎండ వేరు. మే నెల మధ్యాహ్నం కాకినాడలో థర్మామీటరు చూపే అంకె తక్కువే ఉండొచ్చు. అయితే గాలి నిండా సముద్రపు తేమ ఉంటుంది కాబట్టి ఒంటి మీద చెమట ఆరదు. చెమట ఆరితేనే కదా ఒంట్లో వేడి బయటికి పోయేది! అదే ఉక్కపోత. చీకటి పడ్డాక కూడా వేడి పెద్దగా దిగదు. అనంతపురంలో ఏడాది మొత్తం కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. గాలి పొడిగా ఉంటుంది. పగలు వడగాలి ముఖం మీద కొడుతుంది. పొద్దు గూకాక మాత్రం తేటగా ఉన్న ఆకాశంలోకి నేల తన వేడిని వదిలేస్తుంది, తెల్లవారుజాముకు ఒళ్ళు తేలికపడుతుంది.

కాబట్టి కోస్తాలో ఇల్లు కట్టేవాడి ముందున్న ప్రశ్న, ఒంటికి గాలి తగిలేలా చూడటం ఎలా అని. రాయలసీమలో కట్టేవాడి ప్రశ్న, పగటి వేడిని రాత్రి దాకా గోడ బయటే ఆపటం ఎలా అని. మొదటిదానికి ఇల్లు తెరుచుకుని ఉండాలి. రెండోదానికి మూసుకుని ఉండాలి. రెండు ప్రాంతాల పాత ఇళ్ళు ఒకదానికొకటి పోలిక లేకుండా ఉండటానికి ఇదే అసలు కారణం అని నా నమ్మకం. కులం, డబ్బు, దొరికే సరుకు, వీటి ప్రభావం తర్వాత చెబుతాను.

ముందు సీమ మిద్దె సంగతి చూద్దాం. దాని గురించి రాసేవాళ్ళు తక్కువ. మండువా లోగిలి సినిమాల్లో, పెళ్ళి ఫోటోల్లో అందంగా కనిపిస్తుంది. మట్టి మిద్దెకు ఆ అదృష్టం లేదు. బయటి నుంచి చూస్తే చిన్న కిటికీలతో, మొద్దు గోడలతో ఉంటుంది. ఆ గోడలు రాయీ మట్టీ కలిపి అడుగున్నర, రెండడుగుల మందాన కట్టినవి. ఉదయం ఎండ గోడకు తగిలితే ఆ వేడి మెల్లగా లోపలికి ప్రయాణం మొదలుపెడుతుంది. ఎనిమిది పది గంటలు పడుతుంది లోపలికి చేరటానికి. అప్పటికి బయట చల్లబడుతుంది, తలుపులు తీస్తారు, లేదా మంచాలు మిద్దె మీదికి ఎక్కిస్తారు. గోడ ఆ వేడిని తెల్లారేలోపు వదిలేసి, మర్నాటి ఎండకు మళ్ళీ ఖాళీగా సిద్ధమవుతుంది. రాత్రి చల్లబడే చోటే ఈ లెక్క నడుస్తుంది. చల్లబడని కాకినాడలో ఇదే మందం గోడ రోజురోజుకూ వేడి పోగేసుకుని కూర్చుంటుంది.

కప్పు ఇంకా గొప్పది. దూలాల మీద దంతెలు, అంటే సన్నటి అడ్డకర్రలు, పరిచి, వాటి మీద కట్టెపుల్లలో నాపరాళ్ళో పేర్చి, పైన మందంగా మట్టి వేస్తారు. అన్నిటికన్నా పైన చౌడు మట్టి పరుస్తారు. ఈ చౌడు గురించి తెలిశాక నాకు ఆ మేస్త్రీల మీద గౌరవం పది రెట్లు పెరిగింది. చౌడు నేలలో సోడియం ఎక్కువ. నీళ్ళు తగలగానే అందులోని సన్నటి బంకమట్టి రేణువులు ఒకదాని నుంచి ఒకటి విడిపోయి, ఉబ్బి, సందులన్నీ మూసేస్తాయి. నీళ్ళు కిందికి దిగవు. పొలం చౌడుబారితే రైతు తల పట్టుకునేది సరిగ్గా ఈ గుణం వల్లే. అదే గుణాన్ని పైకి ఎక్కించి ఇంటికి గొడుగు చేశారు. వానాకాలం ముందు కొత్త చౌడు పోస్తే ఆ ఏటికి సరి. పోయకపోతే మిద్దె ఉరుస్తుంది. కప్పులో ఒక చోట గవాక్షి ఉంటుంది. వంటింటి పొగ అందులోంచి పోతుంది, వెలుగు అందులోంచి వస్తుంది, వాన వస్తే బండ మూస్తారు. ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి కాబట్టి ఎండకు ఎదురయ్యే గోడలే తక్కువ. సందులు ఇరుకు కాబట్టి వీధిలో నడిచేవాడికీ నీడ దొరుకుతుంది.

బేతంచెర్ల, జమ్మలమడుగు వైపు వెళ్తే నేల కింద పొరలు పొరలుగా నాపరాయి ఉంటుంది. అక్కడ గోడకూ గచ్చుకూ కప్పుకూ నాపరాయే. ఎర్రమట్టి దొరికే చోట గోడ ఎర్రమట్టిది. బండి మీద తెచ్చుకోగలిగినంత దూరంలో ఏది దొరికితే అదే ఇల్లు.

ఇప్పుడు కోస్తా. మండువా లోగిలిలో గాలి ఎలా కదులుతుందో చూడండి. మండువా మీద ఎండ పడి అక్కడి గాలి వేడెక్కి పైకి లేస్తుంది. ఆ ఖాళీని నింపటానికి వీధి తలుపు నుంచీ పెరటి తలుపు నుంచీ గాలి లోపలికి వస్తుంది. వీధి గుమ్మం, మండువా, పెరటి గుమ్మం ఒకే వరుసలో ఉంటే చాలా ఇళ్ళలో వీధిలోంచి పెరట్లో బావి కనిపిస్తుంది. ఆ చూపు నడిచే దారే గాలికీ దారి. కప్పు పెంకులది. అది పలచనే, వేడిని దాచుకోదు. ఎండ పోగానే చల్లబడుతుంది. పెంకుల సందుల్లోంచి కూడా వేడి గాలి బయటికి పోతూనే ఉంటుంది. చూరులు ముందుకు చొచ్చుకొచ్చి గోడల మీద ఎండా వానా పడకుండా కాస్తాయి. ఏడాదిలో నెలల తరబడి వాన పడే చోట మట్టి గోడ నిలవాలంటే పెద్ద చూరు తప్పదు.

"మరి రాజస్థాన్ హవేలీల్లో నడుమ ముంగిలి లేదా? అక్కడా పొడి ఎండే కదా" అని నా స్నేహితుడు అడిగాడు. మంచి ప్రశ్న. ఉంది. కానీ అది బావిలా లోతైన, ఇరుకైన ముంగిలి. చుట్టూ రెండు మూడు అంతస్తుల మందపాటి రాతి గోడలు ఉంటాయి. మధ్యాహ్నపు కాసేపు తప్ప అడుగున ఎండ పడదు. రాత్రి చల్లటి బరువైన గాలి దిగి అక్కడే నిలుస్తుంది, పొద్దున తలుపులు మూసి దాన్ని కాపాడుకుంటారు. కోనసీమ మండువా వెడల్పు, చుట్టూ ఎత్తు తక్కువ, కప్పు పలచన. దాన్ని అనంతపురం తీసుకెళ్తే పగలంతా వడగాలిని ఇంట్లోకి పిలిచినట్టే అవుతుంది. రెంటినీ కాగితం మీద గీస్తే నడుమ ఖాళీ ఉన్న చతురస్రమే. పని చేసే తీరు మాత్రం ఎదురుబొదురు.

ఇంకో మాట కూడా చెప్పాలి. మండువా లోగిలిని మనం అనాదిగా ఉన్నదన్నట్టు మాట్లాడుకుంటాం. ఇప్పుడు నిలబడి ఉన్న పెద్ద లోగిళ్ళు చాలావరకు గోదావరి డెల్టాలో డబ్బు చేరాక కట్టినవి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, కాలవలు పారాయి, వరి పండింది, రైతు చేతిలో మిగులు కనిపించింది. ఆ ఇళ్ళలో చాలావాటికి వాడిన టేకు బర్మా నుంచి ఓడల్లో వచ్చింది. మనం బెంగుళూరు పెంకులు అని పిలిచేవి మంగళూరులో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ వాళ్ళు 1865లో మొదలుపెట్టిన ఫ్యాక్టరీ పద్ధతిలో తయారైనవి. అంతకుముందు కప్పులకు కుమ్మరి చేతి గూన పెంకులే. బయటి నుంచి వచ్చిన ఆ పెంకు వానకూ గాలికూ నప్పింది కాబట్టి ఊరు దాన్ని తనది చేసుకుంది. స్థానికం అంటే మడికట్టుకోవటం అనుకునేవాళ్ళకు ఈ పెంకు గుర్తు చేస్తుంటాను.

లోగిలి ఉన్నవాడి ఇల్లు. లేనివాళ్ళు అదే వాతావరణంలో తాటాకు ఇంట్లో బతికారు. చల్లదనంలో తాటాకు కప్పు పెంకును మించుతుంది, పొరల మధ్య నిలిచిన గాలి వేడిని అడ్డుకుంటుంది. ఉత్తరాంధ్ర తీరంలో మత్స్యకారుల పల్లెల్లో ఆ తాటాకు కప్పుతోనే చుట్టిల్లు తయారైంది. గుండ్రటి మట్టి గోడ, శంకువులా లేచిన కప్పు, దాదాపు నేలను తాకేంతగా దిగిన చూరు. తుఫాను గాలి మూలలున్న ఇంటిని కొట్టినప్పుడు మూలల దగ్గర, కప్పు అంచుల దగ్గర గుంజుడు పుడుతుంది. కప్పులు ఎగిరిపోయేది తోపుడు వల్ల కన్నా ఆ గుంజుడు వల్లే ఎక్కువ. గుండ్రటి ఇంటికి మూలలు లేవు, గాలి చుట్టూ జారిపోతుంది. చూరు కిందికి దిగి ఉండటం వల్ల గాలి కప్పు కిందికి దూరి పైకి లేపలేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు విమానాశ్రయం కప్పు దెబ్బతింది, ఎన్నో కొత్త భవనాల ముందు బిగించిన అద్దాలు పగిలి రోడ్ల మీద పడ్డాయి. సముద్రం పక్కన కట్టేవాడు గాలి గురించి మొదట ఆలోచించాలని ఆ తీరంలో చదువు లేని మేస్త్రీకి కూడా తెలుసు.

కానీ చుట్టిల్లు గొప్పదని రాసి ఊరుకోలేను. గాలికి నిలిచే మట్టి గోడ, నీటికి నిలవదు. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి వచ్చింది గాలి ఒక్కటే కాదు, సముద్రం కూడా. ఉప్పెనలో మట్టి, తాటాకు ఇళ్ళతో ఊళ్ళే లేకుండా పోయాయి. పది వేల మందికి పైగా చనిపోయారు. సీమ మిద్దె విషయంలోనూ ఇలాంటి హెచ్చరిక పక్కనున్న మహారాష్ట్రలో ఉంది. 1993 సెప్టెంబరు 30న లాతూరు భూకంపంలో వేలాది మంది ప్రాణాలు తీసింది ఇలాంటి ఇళ్ళే. మట్టితో పేర్చిన మందపాటి రాతి గోడల మీద బరువైన మట్టి కప్పు నిద్రలో ఉన్నవాళ్ళ మీద కూలింది. ఏటా వచ్చే ఎండకూ వానకూ గాలికీ పాత ఇల్లు చక్కగా జవాబు చెప్పింది. తరానికి ఒకసారి వచ్చే ఆపదకు చెప్పలేకపోయింది. ఉప్పెనకు కాంక్రీటు తుఫాను షెల్టరే జవాబు. అందులో వెనక్కి వెళ్ళాల్సిన పని లేదు.

తెలంగాణ సంగతి ఈ రెంటికీ నడిమధ్య. నేషనల్ బిల్డింగ్ కోడ్ దేశాన్ని ఐదు వాతావరణ మండలాలుగా విడగొట్టింది. అందులో విశాఖది వేడీ తేమా కలిసిన మండలం, హైదరాబాద్‌ది మిశ్రమ మండలం. అంటే ఒకే ఇల్లు మేలో పొడి ఎండకూ, ఆగస్టులో ముసురుకూ, డిసెంబరులో చలికీ సరిపోవాలి. అందుకే అక్కడి పాత ఇళ్ళలో సీమ తరహా మందపాటి మట్టి గోడా, కోస్తా తరహా వాలు పెంకుల కప్పూ కలిసి కనిపిస్తాయి. ఉన్నోళ్ళ ఇళ్ళకు గానుగలో రుబ్బిన డంగు సున్నం. పాడేరు, అరకు కొండల మీద ప్రశ్నే మారిపోతుంది, అక్కడ చలి కాచుకోవాలి. కాబట్టి తలుపు పొట్టి, కిటికీ చిన్నది, పొయ్యి ఇంట్లోనే.

ఇంత తెలివైన ఇళ్ళను జనం ఎందుకు వదిలేశారు? "మోజు" అని తేల్చేసేవాళ్ళతో నేను ఒప్పుకోను. తాటాకు ఇంట్లో ఉన్నవాళ్ళకు ప్రతి వేసవీ నిప్పు భయమే. ఒక ఇల్లు అంటుకుంటే వీధి మొత్తం పోతుంది. చెదలు, తేళ్ళు, పాములు. ఏటేటా కప్పు మార్చాలి, చౌడు పోయాలి. గోడలు అలకటం, సున్నాలు వేయటం ఆడవాళ్ళ నడుములు విరిచే చాకిరీ. ఆ చాకిరీ తప్పాలని కోరుకోవటంలో తప్పేముంది? పైగా లోగిలి మీద మనకున్న ప్రేమలో ఒక విషయం కప్పిపెడుతుంటాం. ఆ అరుగు మీద ఊళ్ళో అందరూ కూర్చోలేదు. కొందరు మెట్ల కిందే నిలబడి మాట్లాడి వెళ్ళారు. వాళ్ళ పిల్లలకు స్లాబు ఇల్లు అంటే తలెత్తుకుని నిలబడటం. "పక్కా ఇల్లు" అన్న మాటలోనే ఆ గౌరవం ఉంది. దాన్ని అర్థం చేసుకోకుండా మట్టి ఇళ్ళకు తిరిగి పొమ్మని చెప్పే హక్కు ఎవరికీ లేదు.

నా బాధ స్లాబు వచ్చిందని కాదు. శ్రీకాకుళం నుంచి హిందూపురం దాకా, ఆదిలాబాద్ దాకా అదే స్లాబు, అదే తొమ్మిదంగుళాల గోడ, అవే కిటికీలు రావటం నా బాధ. నాలుగైదు అంగుళాల కాంక్రీటు స్లాబు మీద పడ్డ ఎండ రెండు మూడు గంటల్లోనే లోపలి వైపుకు చేరుతుంది. మట్టి మిద్దెలా రాత్రి దాకా ఆపలేదు, తాటాకులా అడ్డుకోలేదు, పెంకులా త్వరగా చల్లబడలేదు. సాయంత్రం ఫ్యాను వేస్తే అది స్లాబు కింద కాగిన గాలినే మన మీదికి తోస్తుంది. పై అంతస్తు అద్దెకు ఉన్నవాళ్ళెవరినైనా అడగండి. ఇక ఏసీ పెడతాం. అది గదిలో వేడిని తీసి వీధిలో పోస్తుంది, ఆ వేడి ఏసీ కొనలేని పక్కింటి కిటికీలోంచి లోపలికి పోతుంది. గచ్చిబౌలి వైపు నిలువెల్లా అద్దం తొడిగిన భవనాలు చూసినప్పుడల్లా ఆ పక్కింటివాళ్ళే గుర్తొస్తారు నాకు.

ఇంకో పొరపాటు పాత ఇల్లు మిగుల్చుకున్నవాళ్ళు ప్రేమతోనే చేస్తున్నారు. మట్టి గోడ పెచ్చులూడుతోందని సిమెంటు ప్లాస్టరింగు చేయిస్తారు. మట్టి గోడ నేలలోంచి తేమ పీలుస్తుంది, ఎండకు ఆవిరిగా వదిలేస్తుంది. పైన సున్నం పూత ఉంటే ఆ ఆవిరికి దారి ఉంటుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. తేమ లోపలే ఉండి గోడ అడుగు మెత్తబడుతుంది, రెండు మూడు వానాకాలాలకు సిమెంటు పలకలు పలకలుగా మట్టితో సహా ఊడి వస్తుంది. మా అమ్మమ్మ వాళ్ళ ఇంట్లో పడమటి గోడ పోయింది ఇలాగే. అప్పుడు మాలో ఎవరికీ తెలియలేదు. హైదరాబాద్ కుతుబ్ షాహీ సమాధుల దగ్గర 2013లో మొదలైన మరమ్మతుల్లో కూడా పెద్ద పని, అంతకుముందు వేసిన సిమెంటు పొరల్ని తొలగించి మళ్ళీ సున్నం వేయటమే. గానుగలో ఇసుకతో రుబ్బి, కరక్కాయ, బెల్లం నీళ్ళు కలిపి చేసే ఆ సున్నం తెలిసిన పనివాళ్ళు ఊళ్ళలో ఇంకా కొందరు మిగిలారు. మీ ఇంటి గోడ మట్టిదైతే వాళ్ళను వెతకండి.

కొత్తగా కట్టేవాళ్ళు ఏం చేయొచ్చు? పాత రూపాన్ని అతికించటం కన్నా పాత ప్రశ్నను మళ్ళీ అడగటం మేలు. నా చోట రాత్రి చల్లబడుతుందా? గాలి ఏ వైపు నుంచి వస్తుంది? ఏ గోడకు మధ్యాహ్నపు ఎండ కొడుతుంది? వాస్తు కోసం ఇరవై సార్లు దిక్సూచి చూసేవాళ్ళు ఈ మూడూ ఒక్కసారైనా చూడటం లేదు. పడమటి ఎండ అన్ని ప్రాంతాల్లోనూ శత్రువే. ఆ వైపు కిటికీలు తగ్గించి, బాత్రూములో మెట్లో పెడితే చాలా తేడా ఉంటుంది. కిటికీ మీద సజ్జా ఇప్పుడు ఒక గీతలా మిగిలింది. దాన్ని రెండడుగులు ముందుకు తెస్తే అయ్యే ఖర్చు ఒక వేసవి కరెంటు బిల్లుతో పోలిస్తే పెద్దదేం కాదు.

కేరళలో ఇళ్ళు కట్టిన లారీ బేకర్ దారి చూపించి వెళ్ళాడు. ఇటుకను నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలి కట్టే ర్యాట్ ట్రాప్ గోడలో ఇటుక దాదాపు పావు వంతు మిగులుతుంది, మధ్యలో ఉన్న గాలి వేడిని ఆపుతుంది. స్లాబులో అడుగు భాగాన కాంక్రీటుకు పెద్దగా పని ఉండదు కాబట్టి అక్కడ పెంకులు ఇరికించే ఫిల్లర్ స్లాబు పద్ధతి కూడా ఆయన విరివిగా వాడాడు. ఇవి కోస్తాకూ పనికొస్తాయి, తెలంగాణకూ పనికొస్తాయి, మేస్త్రీకి రెండు రోజులు ఓపిగ్గా చూపిస్తే వస్తాయి. ఇప్పటికే స్లాబు ఉన్నవాళ్ళకు చవకైన మందు తెల్ల పూత. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పుల్ని చల్లబరచాలన్నది దాని లక్ష్యం. కేంద్రం 2018లో ఇళ్ళ కోసమే ఎకో నివాస్ సంహిత అనే కోడ్ తెచ్చింది, గోడల్లోంచి, కిటికీల్లోంచి ఎంత వేడి లోపలికి రావచ్చో అందులో లెక్క ఉంది. ప్లాను గీయించేటప్పుడు మీ ఇంజనీరును ఆ లెక్క అడగండి. అడిగేవాళ్ళుంటేనే చేసేవాళ్ళుంటారు. ప్రభుత్వాలు పేదలకు కట్టించే ఇళ్ళలో ఈ తేడా పాటిస్తే అన్నిటికన్నా మేలు జరుగుతుంది. తీరానికి ఒక నమూనా, సీమకు ఒక నమూనా, కొండకు ఒక నమూనా ఉండాలి. ఏసీ కొనే స్తోమత లేనివాళ్ళకే కదా చల్లటి ఇల్లు ఎక్కువ అవసరం.

నా స్నేహితుడు చివరికి ప్లాను మార్చాడు. పెంకుల కప్పు తీసేశాడు. దక్షిణం, పడమర గోడలు అక్కడి రాయితోనే రెండడుగుల మందాన, మధ్యలో కాంక్రీటు బెల్టులతో కడుతున్నాడు. మండువా స్థానంలో ఎనిమిదడుగుల ఇరుకు ముంగిలి వచ్చింది, దాని చుట్టూ గోడలు పదిహేనడుగులు లేస్తాయి. స్లాబు మీద పగిలిన తెల్ల టైల్స్ పరుస్తానన్నాడు, రాత్రి మంచాలు వేసుకోవటానికి మెట్లు వెడల్పుగా పెట్టించాడు. వీధి అరుగు మాత్రం తీయనివ్వలేదు నేను. తూర్పు వైపు ఉంది కాబట్టి సాయంత్రం నాలుగింటికల్లా నీడ పడుతుంది. వాళ్ళ నాన్నకు కూర్చోవటానికి చోటు కావాలి, దారిన పోయేవాళ్ళందరికీ కూడా.